పలాస నుంచి ఒక గౌరవ కాన్సుల్ ఫైలు

ఈ కేసులో మా క్లయింట్ పలాస-కాశీబుగ్గలో జీడిపప్పు ఫ్యాక్టరీ యజమాని. ఆయన పేరు గానీ, ఆయన్ని గౌరవ కాన్సుల్‌గా, అంటే ఇక్కడే ఉండి తమ పౌరుల, వ్యాపారాల పనులు చూసిపెట్టే ప్రతినిధిగా, తీసుకున్న దేశం పేరు గానీ రాయడం లేదు. ఇద్దరూ వద్దన్నారు. పశ్చిమ ఆఫ్రికాలో ఫ్రెంచ్ మాట్లాడే, జీడి పండించే దేశాల్లో ఒకటి అనుకోండి. గుర్తుపట్టేలా ఉన్న ఒకటి రెండు వివరాలు మార్చాను. ఫైలు ఎలా నడిచింది, ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది అన్నది మాత్రం ఉన్నదున్నట్టే రాస్తున్నాను.

నేను శ్రీకాకుళంలో ఎగుమతి దిగుమతి వ్యాపారుల కేసులు చూసే లాయర్ని. నా దగ్గరకు మామూలుగా వచ్చేవి కస్టమ్స్ నోటీసులు, కంటైనర్లు ఆలస్యమైతే పడే డెమరేజ్ చార్జీల గొడవలు, సరుకు నాసిరకం వచ్చిందన్న తగాదాలు. ఇంకో దేశం తరఫున కాన్సుల్‌గా కూర్చోవాలన్న మనిషికి ఫైలు తయారు చేయడం మన జిల్లాలో రోజూ తగిలే పని కాదు. ఆ దారిలో ఏమేం ఎదురవుతాయో తెలుగులో రాసినవాళ్లు నాకు కనపడలేదు.

ముందు అసలు సంగతి. కాన్సులర్ వ్యవహారాల్లో అన్ని దేశాలూ తీసి చూసుకునేది 1963 నాటి వియన్నా ఒప్పందం. మన దేశం అందులో 1977లో చేరింది. ఆ ఒప్పందం ప్రకారం కాన్సుల్స్ రెండు రకాలు. మొదటి రకం ఉద్యోగులు. సొంత దేశం నుంచి జీతం మీద వచ్చి, కొన్నేళ్లుండి బదిలీ అయి వెళ్లిపోతారు. రెండో రకం గౌరవ కాన్సుల్స్. వీళ్లు ఎక్కువగా స్థానికులే. తమ వ్యాపారమో వృత్తో చేసుకుంటూ, మరో దేశం పని కూడా చూసిపెడతారు. ఉద్యోగ కాన్సుల్ తానున్న దేశంలో సొంత లాభానికి ఏ వ్యాపారమూ చేయకూడదని 57వ అధికరణం చెబుతుంది. గౌరవ కాన్సుల్‌కు ఆ అడ్డు లేదు. ఈ ఏర్పాటు ఇన్నాళ్లు నిలిచింది అందువల్లే, చెడ్డపేరు తెచ్చుకున్నదీ అందువల్లే.

చిన్న దేశాలకు ఊరూరా ఆఫీసు పెట్టే స్తోమత ఉండదు కాబట్టి ఇది వాటికి అవసరం. స్తోమత ఉన్న దేశాలు కూడా వాడుకుంటాయి. ఫిన్లాండ్, స్వీడన్, డెన్మార్క్‌లకు ప్రపంచమంతా వందల మంది గౌరవ కాన్సుల్స్ ఉన్నారు. అమెరికా దారి వేరు. తన తరఫున బయట ఎవరినీ గౌరవ కాన్సుల్‌గా నియమించుకోదు, తన గడ్డ మీద మాత్రం ఇతర దేశాలవాళ్లను ఒప్పుకుంటుంది. నియమించుకోవాలా, ఒప్పుకోవాలా అన్నది ఏ దేశానికాదేశం ఇష్టమని 68వ అధికరణంలోనే ఉంది.

బ్రోకరు చెప్పిన ధర

మా క్లయింట్ నా దగ్గరకొచ్చింది ఎంబసీ పిలిచినందుకు కాదు, ఒక బ్రోకరు వాట్సాప్‌లో పంపిన కాగితం చూపించడానికి. ఏదో ద్వీప దేశం పేరు, బంగారు రంగు ముద్ర, కింద ధర. ఆ డబ్బు కడితే గౌరవ కాన్సుల్ పదవి, కారుకు నీలం నంబరు ప్లేటు, డిప్లొమాటిక్ పాస్‌పోర్టు ఇస్తారట. "ఏటి లాయరుగారూ, జెండా కట్టుకుంటే టోల్‌గేటు కాడ నుంచి కస్టమ్స్ దాకా ఎవుడూ ఆపడంట కదా?" అన్నారు. సగం సరదాకు, సగం ఆశతో.

2025 జూలైలో గాజియాబాద్‌లో ఒక ఇంట్లో నడుస్తున్న నకిలీ ఎంబసీని ఉత్తరప్రదేశ్ పోలీసులు పట్టుకున్నారు. వెస్టార్కిటికా లాంటి, ఏ ప్రభుత్వమూ గుర్తించని కాగితం దేశాల పేర్లతో అక్కడ దౌత్య నంబరు ప్లేట్ల కార్లు, ముద్రలు దొరికాయి. ఇప్పుడైతే ఆ వార్త ఒకటి చూపిస్తే క్లయింటుకు అర్థమైపోతుంది. అప్పటికి ఆ వార్త లేదు, కాబట్టి చట్టమే చెప్పాల్సి వచ్చింది.

అన్నిటికన్నా ప్రమాదం ఆ పాస్‌పోర్టు మాటలో ఉంది. మన సిటిజన్‌షిప్ రూల్స్ మూడో షెడ్యూల్ ప్రకారం, భారత పౌరుడు మరో దేశం పాస్‌పోర్టు తీసుకుంటే, అతను ఇష్టపడే ఆ దేశ పౌరసత్వం తీసుకున్నాడనడానికి అదే తిరుగులేని రుజువు. పౌరసత్వ చట్టం 9వ సెక్షన్ కింద భారత పౌరసత్వం పోతుంది. డబ్బు కట్టి మరీ పౌరసత్వం పోగొట్టుకోవడమన్నమాట. అది చెప్పాక ఆయన ఆ కాగితాన్ని ఫోన్‌లోంచి తీసేయబోతే నేనే ఆపాను. రేపు ఎవరైనా విచారణకొస్తే, ఇలాంటివాళ్లు మనల్ని కలిశారు, మనం కాదన్నాం అని చూపించడానికి పనికొస్తుందని.

నిజమైన దేశం ఏదీ ఈ పదవికి ధర పెట్టదా అంటే, పూర్తిగా అలా అనలేం. 2022లో ఐసీఐజే, ప్రోపబ్లికా అనే పరిశోధనాత్మక జర్నలిజం సంస్థలు కలిసి చేసిన పరిశోధనలో నేరారోపణలో వివాదాలో ఉన్న గౌరవ కాన్సుల్స్, మాజీలతో కలిపి, కనీసం 500 మంది తేలారు. వాళ్లకు పదవిచ్చినవి మామూలు దేశాలే. ఎంబసీలు ఇప్పుడు ఇన్ని ప్రశ్నలు ఎందుకు వేస్తాయో అర్థం కావాలంటే ఈ సంగతి గుర్తుండాలి.

పంపే దేశం ఏం చూస్తుంది

అసలు పిలుపు వేరే దారిన వచ్చింది. ఆ ఆఫ్రికా దేశం ఎంబసీలో వాణిజ్య వ్యవహారాలు చూసే అధికారి పలాస ఫ్యాక్టరీలు చూడ్డానికి వచ్చారు. వాళ్ల దేశం జీడి పిక్కలు ఎక్కడికి వెళ్తున్నాయో, ఎవరు కొంటున్నారో తెలుసుకోవడం ఆయన పని. తిరిగి వెళ్లాక, ఉత్తరాంధ్రకు ఒక గౌరవ కాన్సుల్ పెట్టుకునే ఆలోచన ఉందని, ఆసక్తి ఉంటే బయోడేటా పంపమని మా క్లయింటుకు ఉత్తరం రాశారు. ఆయనొక్కరికే కాదు, విశాఖలో ఇంకొందరికీ రాశారని తర్వాత తెలిసింది.

బయోడేటా మొదటి ప్రతి ఆయనే రాయించుకొచ్చారు. అందులో సన్మానాల ఫొటోలు, మంత్రులతో తీయించుకున్నవి, క్లబ్బు అధ్యక్ష పదవులు ఉన్నాయి. ఇలాంటి ఫైలు తయారు చేయబోయే తోటి లాయర్లకు నేను చెప్పేది ఒకటే: ఆ ఫొటోలన్నీ తీసేయండి. ఎంబసీ అడిగింది ఆదాయపు పన్ను రిటర్నులు, ఆఫీసు పెట్టే స్థలం వివరాలు, కోర్టు కేసులేమైనా ఉన్నాయా అన్నది, వాళ్ల భాషలో ఉత్తరాలు ఎవరు రాస్తారన్నది, వాళ్ల దేశంతో ఉన్న డబ్బు సంబంధాలన్నీ. ఆఫీసు అద్దె, సెక్రటరీ జీతం, ఫోన్లు, ప్రయాణాలు అన్నీ కాన్సులే పెట్టుకోవాలి. వీసాకో అటెస్టేషన్‌కో వసూలు చేసే ఫీజు ఆ దేశం ఖజానాది. అందుకే ఆదాయం చూస్తారు. గొప్పతనం కోసం కాదు, డబ్బుకు ఇబ్బంది పడేవాడు ముద్రను అమ్ముకుంటాడేమోనన్న భయంతో.

భాష దగ్గర మాకు చిక్కొచ్చింది. పలాసలో ఫ్రెంచ్ తెలిసినవాళ్లను ఎక్కడ తెస్తాం? చివరికి యానాంలో ఫ్రెంచ్ నేర్చుకుని టీచరుగా రిటైరైన ఒకాయన విశాఖలో కొడుకు దగ్గర ఉంటున్నారని తెలిసింది. జీతం మాట్లాడుకుని ఆయన ఒప్పుకోలు పత్రం ఫైలులో పెట్టాం. ఎంబసీవాళ్లకు ఈ ఒక్క కాగితం ఎంత నచ్చిందో చెప్పలేను. విశాఖ నుంచి వచ్చిన మిగతా దరఖాస్తుల్లో ఆస్తులున్నాయి, హోటళ్లున్నాయి, ఫ్రెంచ్ రాసేవాళ్లు లేరట.

తర్వాత ఢిల్లీలో ఇంటర్వ్యూ. నేను వెంట వెళ్లాను గానీ లోపల మాట్లాడింది ఆయనే. మొదటి ప్రశ్న వ్యాపారం గురించి కాదు. మా దేశం కుర్రాడు మీ దగ్గర కాలేజీలో చదువుతున్నాడు, రాత్రి రెండింటికి పోలీసులు పట్టుకెళ్లారు, ఫోన్ మీకొచ్చింది, ఏం చేస్తారు అని అడిగారు. ఆంధ్రా యూనివర్సిటీలో, చుట్టుపక్కల కాలేజీల్లో ఆఫ్రికా దేశాల విద్యార్థులు చాలామంది ఉన్నారు. గౌరవ కాన్సుల్ రోజువారీ పని వాళ్లతోనే.

మా క్లయింట్ దానికి చెప్పిన జవాబు నేను నేర్పింది కాదు. 2018 చివర్లో గుజరాత్‌లోని వేరావల్ నుంచి వేటకెళ్లిన మన శ్రీకాకుళం, విజయనగరం మత్స్యకారులు పాకిస్తాన్ చేతికి చిక్కారు. వాళ్లలో 20 మంది 2020 జనవరిలో వాఘా దగ్గర మన గడ్డ మీద అడుగుపెట్టే దాకా డి.మత్స్యలేశంలో, చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్లు కలెక్టరాఫీసు చుట్టూ తిరిగారు. "మావాడు ఉన్నాడో లేడో ఒక్క మాట చెప్పండి బాబూ అని అడిగేవోరు. ఆ మాట చెప్పీ మనిషి ఉండాలి. ఆ రాత్రి నేను టేసనుకెళ్లి కుర్రాణ్ని కళ్లతో చూసి, ముందు వాళ్లమ్మకి ఫోన్ చేయిస్తాను" అన్నారట. వియన్నా ఒప్పందం 36వ అధికరణం చెప్పేదీ దాదాపు అదే. పట్టుబడిన విదేశీయుడు కోరితే పోలీసులు ఆలస్యం చేయకుండా అతని కాన్సులేటుకు తెలపాలి, కాన్సుల్ అతన్ని కలిసి మాట్లాడొచ్చు, లాయర్ని పెట్టించొచ్చు. మత్స్యకారుల కేసు చూసింది ఇస్లామాబాద్‌లో మన హైకమిషన్ ఉద్యోగులు, గౌరవ కాన్సుల్స్ కాదు. అయినా తీరంలో పుట్టినవాడికి ఈ పని ఏమిటో విడమరిచి చెప్పక్కర్లేదు.

పిక్కల దగ్గర పడ్డ ముడి

ఇక ఫైలులో అన్నిటికన్నా బరువైన భాగం. మా క్లయింట్ ఆ దేశం నుంచే ముడి పిక్కలు దిగుమతి చేసుకుంటారు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఉద్దానం తోటల్ని నేలమట్టం చేశాక ఆయన ఫ్యాక్టరీ బయటి పిక్కల మీద ఇంకా ఎక్కువ ఆధారపడింది. మరి ఆ దేశం సరుకుల కాగితాల మీద ముద్ర వేసే అధికారం ఆయనకే ఇస్తే?

దీని గురించి ఆయనకు మొదట పట్టింపు లేదు. "వ్యాపారం ఉంది కాబట్టే కదండీ నన్ను పిలిచారు" అన్నారు. అదీ నిజమే. చాలా దేశాలు తమతో వ్యాపారం ఉన్నవాళ్లనే వెతుకుతాయి. ఆ దేశం మీద ఆసక్తి, అక్కడి మనుషుల పరిచయం, ఖర్చు పెట్టుకునే స్తోమత వాళ్లకే ఉంటాయి. కానీ జీడిలో ఇంకో మెలిక ఉంది. ఆఫ్రికాలో జీడి పండించే దేశాలు ముడి పిక్కలు అమ్ముకుంటూ ఎంతకాలం ఉంటాం, పప్పు మన దగ్గరే తీద్దాం అనుకుంటున్నాయి. బెనిన్ 2024 ఏప్రిల్ నుంచి ముడి పిక్కల ఎగుమతినే నిషేధించింది. అంటే ఆ ప్రభుత్వాలకు కావలసింది అక్కడ ఫ్యాక్టరీ పెట్టే మదుపరులు. పలాస ఫ్యాక్టరీకి కావలసింది చవగ్గా ముడి పిక్కలు. కాన్సుల్ ఎవరి మేలు చూడాలి?

ఎంబసీ అడిగే దాకా ఆగొద్దని, మనమే ముందు రాసేద్దామని నేను పట్టుబట్టాను. క్లయింటుకు నచ్చలేదు. ఒట్టి పుణ్యానికి మన తప్పు మనమే ఎత్తి చూపించుకోవడం ఎందుకన్నది ఆయన వాదన. వాళ్ల దేశం కస్టమ్స్ రికార్డుల్లో మీ కంపెనీ పేరు ఏటా ఉంటుంది, దాచేదేమీ లేదు, అలాంటప్పుడు దాచినట్టు కనపడ్డం ఎందుకని నేను. రెండు పేజీల ప్రకటన తయారు చేశాం. ఏ ఓడరేవు నుంచి, ఎవరి దగ్గర, ఎంత సరుకు కొంటున్నారో రాశాం. తన కంపెనీ కాగితాలే కాదు, జీడికి సంబంధించిన ఏ కాగితం మీదా తాను సంతకం గానీ ముద్ర గానీ వేయనని, అవి నేరుగా ఢిల్లీ ఎంబసీకే పోతాయని రాశాం. వాణిజ్య విధానం మీద ఎంబసీ సలహా అడిగితే, తన వ్యాపారానికి సంబంధించిన ప్రశ్న అయినప్పుడు ఆ మాట మొదటి వాక్యంలోనే చెబుతానని కూడా.

పోటీలో ఉన్నవాళ్లలో ఇలాంటి ప్రకటన ఇంకెవరూ ఇవ్వలేదని తర్వాత ఆ అధికారే చెప్పారు. ఆయన తన రాజధానికి పంపిన సిఫార్సుకు ఇదే ఆధారమైందని నా నమ్మకం.

ఇక మన ప్రభుత్వం వంతు

పంపే దేశం ఎంచుకుంటే సగం పనే అయినట్టు. గౌరవ కాన్సుల్ కార్యాలయం ఎక్కడ ఉండాలి, ఏ హోదాలో ఉండాలి, దాని పరిధి ఏ జిల్లాల వరకు అన్నదానికి ఆతిథ్య దేశం, అంటే ఇక్కడ మన దేశం, ఒప్పుకోవాలి. తన పౌరుణ్నే పరాయి దేశం కాన్సుల్‌గా పెట్టుకోవాలంటే దానికి విడిగా స్పష్టమైన అంగీకారం కావాలి. ఆ అంగీకారాన్ని ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చని కూడా 22వ అధికరణంలో ఉంది. కాదంటే కారణం చెప్పక్కర్లేదు. అప్పీలు లేదు, రిట్ వేసి సాధించుకునేది అంతకన్నా కాదు. కోర్టుల్లో నలిగిన నాలాంటివాడికి ఇది మింగుడుపడడం కష్టం. లాయర్ వాదించి గెలిపించే పని కాదిది. ఎవరూ ప్రశ్న వేయాల్సిన అవసరం లేకుండా ఫైలు తయారు చేయడం వరకే మన పని.

ఎంబసీ నోట్ వెర్బాల్ (ప్రభుత్వాల మధ్య నడిచే లాంఛన లేఖ) రూపంలో ప్రతిపాదనను విదేశాంగ శాఖ ప్రోటోకాల్ విభాగానికి పంపింది. ఇక్కడి నుంచి ఫైలు మనకు కనపడదు. మనం చేయగలిగేది, విచారణకు వచ్చినవాళ్లకు అడిగింది ఇవ్వడమే. దరఖాస్తు ఏమైందని క్లయింటు నేరుగా ఢిల్లీకి ఫోన్లు చేయకూడదు. ప్రతిపాదన ఎంబసీది, కాబట్టి అడిగితే ఎంబసీయే అడగాలి. రాజకీయ సిఫార్సు అసలే వద్దని చెప్పాను. ఒక మిత్రుడు ఎంపీగారితో మాట్లాడిస్తానంటే ఆయన్ని ఆపడం, ఇంటర్వ్యూకు తయారు చేసినదానికన్నా పెద్ద పనైంది.

ఈ దశలో బయటపడింది మార్కెట్ కమిటీ సంగతి. మా క్లయింట్ వ్యవసాయ మార్కెట్ కమిటీలో ప్రభుత్వం నామినేట్ చేసిన సభ్యుడు. బయోడేటాలో అది సామాజిక సేవ కింద రెండు మాటల్లో ఉంది. నాకు రాజ్యాంగం 18వ అధికరణం గుర్తొచ్చింది. విదేశీ బిరుదులు తీసుకోకూడదన్న భాగం అందరికీ తెలుసు. దాని నాలుగో క్లాజు ఎక్కువమంది చదవరు. రాజ్యం కింద లాభదాయకమైన పదవిలో గానీ నమ్మకంతో అప్పగించిన పదవిలో గానీ ఉన్న వ్యక్తి, రాష్ట్రపతి అనుమతి లేకుండా విదేశీ రాజ్యం నుంచి కానుక, జీతభత్యం, ఏ రకమైన పదవీ తీసుకోకూడదు. జీతం లేకపోయినా కాన్సుల్ అన్నది విదేశీ రాజ్యం ఇచ్చే పదవే.

మార్కెట్ కమిటీ సభ్యత్వం ఆ క్లాజులోకి వస్తుందా రాదా అన్నది వాదించదగ్గ ప్రశ్నే. కోర్టులో అయితే నేను రెండు వైపులా వాదించగలను. కానీ ఈ ఫైలులో వాదనకు చోటు లేదని పైనే చెప్పాను కదా. రాజీనామా చేయమన్నాను. ఆయన ముఖం చిన్నబోయింది. "అదొదిలేస్తే ఊళ్లో ఏటనుకుంటారు? ఎవుడికీ తెలీని దేశం కోసం ఉన్న పదవి పోగొట్టుకున్నాడంటారు" అన్నారు. ఇంట్లో వాళ్లన్నయ్యగారు ఇంకా గట్టిగా అడ్డుపడ్డారు. పలాసలో మార్కెట్ కమిటీ అంటే చేతిలో ఉన్న పలుకుబడి. కాన్సుల్ అంటే చూడబోయేది. కొన్ని వారాలు ఆలోచించుకుని రాజీనామా ఇచ్చారు. అది ఆమోదించినట్టు ఉత్తర్వు తెచ్చుకున్నాకే ఆ కాపీని ఎంబసీ ద్వారా ఫైలుకు జత చేయించాం. రాజీనామా ఇచ్చామంటే సరిపోదు, ఆమోదం చేతికి రావాలి.

ఇక స్థానిక విచారణ. ఇంటికీ ఫ్యాక్టరీకీ వచ్చి అడిగినవి మామూలు ప్రశ్నలే: కేసులు, అప్పులు, విదేశీ ప్రయాణాలు, పార్టీ సంబంధాలు. ఒక అధికారి మాత్రం నేను ఊహించని చోట వేలు పెట్టారు. ఉద్దానంలో 80 కిలోల బస్తాకు గిట్టుబాటు ధర లేదని జీడి రైతులు ఎప్పటినుంచో గోల పెడుతున్నారు. విదేశీ పిక్కల వల్లే మా ధర పడిపోతోందని వాళ్ల ఫిర్యాదు. 2018 బడ్జెట్‌లో కేంద్రం ముడి జీడి పిక్కల మీద దిగుమతి సుంకాన్ని 5 శాతం నుంచి 2.5 శాతానికి తగ్గించాక ఆ కోపం ఇంకా పెరిగింది. ఇప్పుడు పలాస నడిబొడ్డున ఆఫ్రికా దేశం బోర్డు, దాని వెనక ఒక దిగుమతిదారు. రైతులు ఆ బోర్డు ముందు ధర్నాకు కూర్చుంటే శాంతిభద్రతల సమస్య ఎవరిది?

చాలా మంచి ప్రశ్న. కాన్సుల్ సుంకం తగ్గించలేడు, పిక్కల దిగుమతికి అనుమతులివ్వడు, అది ఢిల్లీ పని అని చట్టపరంగా జవాబు చెప్పొచ్చు. అది బోర్డు మీద రాళ్లు పడకుండా ఆపదు. వియన్నా ఒప్పందం 59వ అధికరణం ప్రకారం గౌరవ కాన్సులేట్ ఆవరణకు చొరబాటు, నష్టం జరక్కుండా కాపాడాల్సిన బాధ్యత ఆతిథ్య దేశానిదే. అంటే ఆ అధికారి అడిగింది తన స్టేషన్ మీద పడబోయే బరువు గురించి.

దాంతో కార్యాలయం పలాసలో కాకుండా విశాఖపట్నంలో పెడతామని ఎంబసీతో మాట్లాడి సవరణ పంపించాం. ఎంబసీకి అది మొదటినుంచీ ఇష్టమే. ఓడరేవు, విద్యార్థులు, ఆసుపత్రులు అన్నీ అక్కడే. క్లయింటుకే పలాసలో జెండా ఎగరేయాలని కోరిక. కళింగపట్నం రేవులో ఒకప్పుడు విదేశీ ఓడలు ఆగేవి, మన జిల్లాలో ఎందుకు ఉండకూడదన్నారు. మూలపేట పోర్టు నడిచాక చూద్దామని నచ్చజెప్పాం. ఫైలు కదలడానికి అసలు కారణం ఈ మార్పేనని నాకనిపిస్తుంది, రుజువేమీ లేదు.

అంగీకారం వచ్చాక మిగిలిన కాగితాలు లాంఛనమే, కానీ వాటి వరస ముఖ్యం. పంపే దేశం కాన్సులర్ కమిషన్ ఇస్తుంది. అందులో పేరు, హోదా, పరిధి, కార్యాలయం ఉన్న ఊరు ఉంటాయి. దాన్ని చూసి ఆతిథ్య దేశం ఎక్సిక్వేటర్ అనే అనుమతి పత్రం ఇస్తుంది. అది రాకముందు, తాత్కాలిక అనుమతి ఏదైనా ఉంటే తప్ప, పని మొదలుపెట్టకూడదు. కమిషన్ చేతికి రాగానే ఆయన విజిటింగ్ కార్డులు అచ్చువేయించేశారు. ఎక్సిక్వేటర్ వచ్చే దాకా ఆ డబ్బాలు నా ఆఫీసు బీరువాలోనే ఉన్నాయి.

జెండా కట్టాక

ఆయన ఊహించుకున్న సౌకర్యాలకూ చట్టంలో ఉన్నవాటికీ చాలా దూరం. గౌరవ కాన్సుల్ ఆతిథ్య దేశ పౌరుడే అయితే 71వ అధికరణం ప్రకారం రక్షణ అధికారిక పనులకు మాత్రమే. కాన్సుల్‌గా సంతకం పెట్టిన కాగితం గురించి ఆయన మీద కేసు నడవదు. ఫ్యాక్టరీ కార్మికుడి పీఎఫ్ కట్టకపోతే నడుస్తుంది. ఆయన కంటైనర్లను కస్టమ్స్ ఎప్పటిలాగే తెరుస్తుంది. సుంకం మినహాయింపు ఆ దేశం పంపే జెండా, చిహ్నం, ముద్ర, ఆఫీసు సామాను లాంటి కార్యాలయ వస్తువులకే. భార్యాపిల్లలకు ఏమీ లేదు. వాళ్లబ్బాయి దీనికి బాగా నిరాశపడ్డాడు.

ఫైళ్ల విషయంలో మాత్రం నేను చాలా పట్టుగా ఉన్నాను. కాన్సులర్ రికార్డులను ఎవరూ ముట్టుకోకూడదన్న రక్షణ 61వ అధికరణంలో ఉంది. కానీ దానికొక షరతు: అవి కాన్సుల్ సొంత కాగితాల నుంచి, వ్యాపారం పుస్తకాల నుంచి వేరుగా ఉండాలి. జీఎస్టీవాళ్లు ఫ్యాక్టరీలో తనిఖీకి వచ్చినప్పుడు అదే బీరువాలో విద్యార్థుల పాస్‌పోర్టు కాపీలుంటే ఆ రక్షణ గట్టిగా అడగలేం. అందుకని విశాఖ ఆఫీసుకు విడి గది, విడి కంప్యూటరు, విడి ఈమెయిలు పెట్టించాం. తాళం యానాం మాస్టారి దగ్గర. ఫ్యాక్టరీ అకౌంటెంటు ఆ గదిలోకి రాకూడదని కాగితం మీద రాసి గోడకు అంటించారు మాస్టారు.

మొదటి నెలల్లో వచ్చిన పనులు చూస్తే ఆ ఇంటర్వ్యూ ప్రశ్న ఊరికే వేయలేదని తెలుస్తుంది. వీసా గడువు దాటిన విద్యార్థి, అద్దె ఇంటి యజమానితో గొడవపడి స్టేషన్‌కెళ్లిన ఇద్దరు, ఆసుపత్రి బిల్లు కట్టలేక ఆగిపోయిన ఒక అమ్మాయి. అద్దె గొడవలో ఆయన చెప్పినట్టే స్టేషన్‌కెళ్లి కూర్చున్నారు. పిల్లల తల్లుల్తో ఫోన్లో మాట్లాడించారు. ఎస్ఐగారు "ఏ దేశం కాన్సులండీ మీరు, మాట పలాసలా ఉంది" అన్నారట. బిల్లు విషయంలో జేబులోంచి తీసి కట్టబోతే నేను వద్దన్నాను. ఒకసారి కడితే ప్రతిసారీ కట్టాలి, పైగా కాన్సుల్ సొంత డబ్బు ఇస్తే అది ఎవరి తరఫున ఇచ్చినట్టో తేలదు. ఎంబసీకి రాసి, కుటుంబం నుంచి డబ్బు తెప్పించి, ఆసుపత్రితో వాయిదాలు మాట్లాడాం. దానికి టైమ్ పట్టింది, అమ్మాయికి టెన్షన్ తప్పలేదు. కానీ దారి అదే.

వ్యాపారం పరంగా ఇప్పటిదాకా ఆయనకు పైసా లాభం రాలేదు. జీడి కాగితాలు ఢిల్లీకే పోతున్నాయి. పైగా పలాసలో పోటీ వ్యాపారులు తమ కాగితాలు త్వరగా చేయించమని ఈయన దగ్గరకొస్తే, ఆ పని నాది కాదని పంపేయాల్సి వస్తోంది. మాట పడుతున్నారు. ఈ పదవి వల్ల ఆయన ఖర్చు ఎంతవుతుందో మొదట్లో నేను వేసిన అంచనా తక్కువని మాస్టారు లెక్కలు చూపించి మరీ చెప్పారు.

ఇప్పుడు ఆయన పదవీకాలం పొడిగింపు ఫైలు తయారవుతోంది. ఏం పని చేశారో ఎంబసీ నివేదిక అడిగింది. నివేదికలో సింహభాగం విద్యార్థులదే. వాణిజ్యం కింద రాయడానికి ఉన్నది, పలాసలో పప్పు తీసే యంత్రాలు చూడ్డానికి వచ్చిన ఒక బృందం పర్యటన. అందులో ఇద్దరు తమ దేశంలో ఫ్యాక్టరీ పెట్టడానికి ఆ యంత్రాల ధరలు కనుక్కుని వెళ్లారు. అంటే రేపు మా క్లయింటుకు వచ్చే పిక్కలు తగ్గొచ్చు. ఆయనే దగ్గరుండి చూపించారు, నివేదికలో అది కూడా రాయమన్నారు.

మొన్న ఇంకో కోరికతో వచ్చారు. తన తర్వాత ఈ పదవి కొడుక్కి వచ్చేలా ఫైలులో ఇప్పుడే ఒక మాట పెట్టొచ్చా అని. కమిషన్ మనిషికిచ్చేది, ఇంటికిచ్చేది కాదు. అబ్బాయి కావాలంటే మళ్లీ మొదటి కాగితం నుంచి రావాలి, విచారణలతో సహా. అయినా అబ్బాయి ఇప్పుడు ఏం చేస్తున్నాడని అడిగాను. తాను ఖాళీ చేసిన మార్కెట్ కమిటీ సీటులో అబ్బాయినే నామినేట్ చేయించుకున్నారట. ముందు ఆ రాజీనామా, దాని ఆమోదం ఉత్తర్వు పట్టుకుని రమ్మన్నాను.